బ్రేక్ పట్టేస్తే డబ్ల్యూడీ-40 కొట్టమన్న మహానుభావుడికి

ఆదివారం పొద్దున్నే సైకిళ్లేసుకుని తిరిగే మా వాట్సాప్ గ్రూపులో ఈ వారం ఒకే మెసేజ్‌ని నలుగురు ఫార్వర్డ్ చేశారు. “ఎంటీబీ (మౌంటెన్ బైక్) హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్ వదలకుండా పట్టేస్తోందా? మెకానిక్ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని” అని మొదలై నాలుగు చిట్కాలు చెబుతుంది. కాలిపర్‌లోకి, అంటే చక్రం దగ్గర ప్యాడ్లను పట్టుకుని ఉండే భాగంలోకి, డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొట్టండి. ప్యాడ్ల మధ్య స్ప్రింగును సాగదీయండి. ఎండకు ఆయిల్ ఉబ్బుతుంది కాబట్టి కాలిపర్ స్క్రూ వదులు చేసి కాస్త కార్చేయండి. తగ్గిన ఆయిల్‌కి బదులు మోటారు బైకు బ్రేక్ ఆయిల్ పోయండి. నాలుగింట్లో ఒక్కదాంట్లో గోరంత నిజం ఉంది.

ముందు స్ప్రింగు సంగతి చూద్దాం, మిగతా తప్పులకు పుట్టిల్లు అదే. లివర్ వదలగానే, ప్యాడ్లను నెట్టే పిస్టన్లను వెనక్కి నెట్టేది ఆ సన్నటి రేకు ముక్కేనని రాసినవారి నమ్మకం. అది ప్యాడ్లు గలగలలాడకుండా పిస్టన్లకు ఆనించి ఉంచుతుంది, అంతే. అసలు పని చేసేది పిస్టన్ చుట్టూ కాలిపర్ గాడిలో కూర్చున్న రబ్బరు రింగు. కోసి చూస్తే గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉంటుంది. లివర్ నొక్కితే పిస్టన్ ముందుకు కదులుతుంది, దాన్ని పట్టుకున్న రబ్బరు కొంచెం మెలిపడుతుంది. వదిలితే మెలి విప్పుకుంటూ పిస్టన్‌ని తనతో పాటు వెనక్కి తెస్తుంది. ఆ వెనకడుగు మిల్లీమీటరులో చిన్న వంతు. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ రబ్బరులోంచి జారి ఇంకాస్త బయటికొచ్చి కూర్చుంటుంది. బయటికొచ్చిన ఆ అంచు మీదే గండిపేట మట్టి దారుల దుమ్ము, ప్యాడ్ల పొడి పేరుకుంటాయి. రబ్బరు ఎండిపోయి, అంచున మురికి గట్టిపడితే ఒక పిస్టన్ బద్ధకిస్తుంది, దాని పనీ రెండోదే చేస్తుంది. ప్యాడ్ల మధ్య తిరిగే చక్రపు రేకు, అంటే రోటర్, ఒక పక్కకు వంగి రాసుకుంటుంది. స్ప్రింగును ఎంత సాగదీసినా ఆ మురికి కదలదు.

ఇక డబ్ల్యూడీ-40. ఇలాంటి స్ప్రే దెబ్బ నేను స్వయంగా తిన్నాను. ఓ వానాకాలం అనంతగిరి కొండల్లో తిరిగి బురదతో వచ్చి, బైకులు కడిగే వాటర్ సర్వీసింగ్ షెడ్డులో సైకిల్ ఇచ్చాను. కుర్రాడు ప్రేమగా కడిగి, “సార్, మస్తు మెరుస్తది” అంటూ చివర్లో చక్రం మీద కూడా ఏదో స్ప్రే కొట్టాడు. ఇంటికొచ్చే దారిలో వెనక బ్రేక్ ఆగమంటే ఆగలేదు, ఊళపెట్టింది. ప్యాడ్లు నూనె పీల్చేశాయి. ఆర్గానిక్ ప్యాడ్లు ఒకసారి నూనె తాగాక కాల్చినా, గీకినా నమ్మదగ్గవి కావు, పారేశాను. పైగా డాట్ ఫ్లూయిడ్ (మోటారు బైకుల్లో పోసే రకం బ్రేక్ ఆయిల్) వాడే బ్రేకుల్లో ఆ పెట్రోలియం నూనె రబ్బరు రింగునే ఉబ్బిస్తుంది. జారాల్సినది ఇంకా బిగుసుకుంటుంది.

మోటారు బైకు ఆయిల్ చిట్కా అయితే నేరుగా ప్రమాదమే. షిమానో, మగురా, టెక్‌ట్రో బ్రేకులు మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. హేస్, హోప్ వంటివి డాట్‌తో. స్రామ్‌లో ఎక్కువకాలం డాటే ఉండేది, డీబీ8, మేవెన్ వంటి మోడళ్లు మాత్రం మినరల్. అంటే కంపెనీ పేరు చూసి ఊహించినా తప్పే. లివర్ దగ్గరి మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. ఒక ఆయిల్‌కి చేసిన రబ్బరు రెండోదాంట్లో ఉబ్బి మెత్తబడిపోతుంది, అప్పుడు లివర్ నుంచి కాలిపర్ దాకా అన్నీ మార్చుకోవాలి. డాట్ చుక్క ఫ్రేమ్ మీద పడితే పెయింటు కూడా లేస్తుంది.

ఎండ సంగతికొస్తే, వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుందన్నది నిజమే. మే నెలలో మన ఊళ్లో బయట నిలబెట్టిన సైకిల్ హ్యాండిల్ ముట్టుకుంటే తెలుస్తుంది. కానీ లివర్ పూర్తిగా వదిలినప్పుడు లోపల ఓ చిన్న రంధ్రం తెరుచుకుని, ఎక్కువైన ఆయిల్ పైనున్న రిజర్వాయర్‌లోకి పోతుంది. అక్కడి పలచటి రబ్బరు పొర దానికి చోటిస్తుంది. ఈ ఏర్పాటు ఎండ కోసమే కాదు, దిగుడులో బ్రేక్ వేడెక్కినప్పటి కోసం కూడా. ఒక్క సందర్భంలో మాత్రం ఇది కుదరదు: అరిగిన ప్యాడ్లు ఉండగానే ఎవరో ఆయిల్ అంచు దాకా నింపి, తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తే. పిస్టన్లు లోపలికి వెళ్లాలి, ఆయిల్‌కి చోటు లేదు. గోరంత నిజం ఇదే. అప్పుడైనా తీయాల్సింది లివర్ దగ్గరి స్క్రూ వైపు నుంచి, ప్యాడ్లు పక్కన పెట్టుకుని. కాలిపర్ స్క్రూ వదిలితే చుక్కలు ప్యాడ్ల మీదే పడతాయి, గాలి కూడా లోపలికి దూరుతుంది. పట్టేసిన బ్రేకుకు స్పాంజిలా మెత్తబడ్డ లివర్ తోడవుతుంది.

మరి ఏం చేయాలంటే, మొదట రోటర్ వంకరగా ఉందేమో, కాలిపర్ పక్కకు జరిగిందేమో చూడండి. కాలిపర్‌ని పట్టుకున్న రెండు బోల్టులు వదులు చేసి, లివర్ నొక్కిపట్టి మళ్లీ బిగిస్తేనే సగం కేసులు తేలిపోతాయి. అది కాదంటే చక్రం, ప్యాడ్లు తీసేసి లివర్‌ని మెల్లగా నొక్కండి. పరిగెత్తే పిస్టన్‌ని ప్లాస్టిక్ టైర్ లివర్‌తో ఆపితే బద్ధకపుది కదులుతుంది. 2, 3 మిల్లీమీటర్లు చాలు, ఆశపడితే ఊడి చేతిలోకొస్తుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి చుట్టూ తుడిచి, ఆ బ్రేక్ ఏ ఆయిల్‌తో నడుస్తుందో అదే ఆయిల్ ఒక్క చుక్క అంచున రాసి, తిన్నగా లోపలికి నెట్టండి. స్క్రూడ్రైవర్ వద్దు, సిరామిక్ పిస్టన్ పెచ్చులూడుతుంది. ఐదారుసార్లు బయటికి, లోపలికి ఆడించాక రెండూ సమంగా కదులుతాయి. ప్యాడ్లు పెట్టేముందు మిగిలిన ఆయిలంతా ఆల్కహాల్‌తో తుడిచేయాలి. మొదటిసారి నాకు ఓ మధ్యాహ్నం పట్టింది, ఐదు నిమిషాలు కాదు.

ఇంత చేసినా పిస్టన్ మొండికేస్తే, లేదా దాని చుట్టూ తడి ఊరుతుంటే రబ్బరు రింగు పని అయిపోయినట్టే. హోప్ లాంటివాళ్లు ఆ రింగులు విడిగా అమ్ముతారు. షిమానో అమ్మదు, కాలిపరే కొనాలి.