పులసా, వంతులూ, నర్సమ్మగారూ

(సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, వశిష్ఠ పాయలో ఓ లంక. లోకం మునిగిపోయాక వచ్చిన రెండో శ్రావణం. మునిగింది గోదావరిలో కాదు, జాంబీల్లో. వాటికి ఈత రాదు గనక ఈ లంకలో ముగ్గురు మిగిలారు: సత్యవతి, ఆవిణ్ణి పెళ్ళాడిన సూర్రావు, ఆవిడ ఏరుకున్న వీర్రాజు. సూర్రావు ఒకప్పుడు కాలవ లాకుల దగ్గర లస్కరు. వీర్రాజు నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య జనాన్ని ఏరు దాటించే పంటి నడిపేవాడు. రాత్రంతా ఇంటి కాపలా కాసి సత్యవతి లోపల పడుకుంది. బయట పొయ్యి దగ్గర మగాళ్ళిద్దరూ పులస శుభ్రం చేస్తున్నారు. చప్పుడైతే జాంబీలొస్తాయి, సత్యవతి లేస్తుంది. ఇద్దరికీ రెండోదంటేనే భయం. కాబట్టి ఈ పోట్లాటంతా గుసగుసల్లో జరిగిందనుకుని చదువుకోవాలి.)

సూర్రావు: పొలుసు అలాగేనా తీసేది? తోక నించి తలకి తియ్యి.

వీర్రాజు: ఆయ్. తవరు చెప్పండి, నేను తీస్తాను. పుస్తెలు కట్టింది తవరు, పులస పట్టింది నేను. ఎవరి పని వాళ్ళదండి.

సూర్రావు: ఇన్నేళ్ళ కాపరాన్ని ఒక్క చేపతో కొట్టేత్తావేంట్రా?

వీర్రాజు: పుస్తెలమ్మైనా పులస తినాలన్నది పెద్దోళ్ళండి. నన్నంటే ఏం లాభం?

సూర్రావు: సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటారు. ఎర్రనీటికి ఎదురీదొస్తే పులస అయిపోద్ది. నువ్వూ అంతే. పంటి మీదున్నప్పుడు ‘దండాలండి లస్కరుగారూ’ అనేవోడివి. మా గడప దాటగానే ‘బావగారూ’ అయిపోయాను.

వీర్రాజు: గడప నేను దాటలేదండి. సత్యవతిగారు దాటించారు. తవరు పక్కనే నించుని, ‘రా బాబూ, రెండు చేతులకి నాలుగవుతాయి’ అన్నారు.

సూర్రావు: కాపలాకన్నాను!

వీర్రాజు: వంతులు రాసింది కూడా తవరేనండి. తలుపు మీద, బొగ్గుతో, లస్కరు దస్తూరీ. ఆది, సోమ తవరివి. మంగళ, బుధ నావి. మిగతా మూడ్రోజులూ ఆవిడ సొంతం, మనిద్దరి మొహాలూ చూడరు. ఇప్పుడు చెప్పండి, మొన్న మంగళవారం రాత్రి గదిలోకి ఎందుకొచ్చారు?

సూర్రావు: ఎన్నిసార్లు చెప్పను? రేవులో కొబ్బరిచిప్పల తాడు మోగింది. వెళ్ళి చూస్తే గుర్రపుడెక్కలో ఒకడు. కత్తి గదిలో గూట్లో ఉంది.

వీర్రాజు: ఈదలేనోడు లంకలోకి ఎలాగొచ్చాడండి?

సూర్రావు: లైఫ్ జాకెట్ ఉంది వాడికి.

వీర్రాజు: (చేప కింద పెట్టేసి) చూశారా! పంటి మీద గొంతు పోయేలా అరిచేవాణ్ణి, జాకెట్లు వేసుకోండి బాబూ అని. ఒక్కడంటే ఒక్కడు వేసుకున్నాడా? చచ్చాక వేసుకున్నాడు, ఎదవ.

సూర్రావు: పైనించి కొట్టుకొచ్చినట్టున్నాడు. ధవళేశ్వరంలో 175 గేట్లున్నాయి. వాటిని ఎత్తేవోడు లేడు, దించేవోడు లేడు. ఎగువనున్న చెత్తంతా మన రేవుకే.

వీర్రాజు: గేట్ల సంగతి తర్వాతండి. మన షరతు ఏటి? ఒకరి వంతులో ఇంకొకరు గదిలో కాలు పెడితే 12 రాత్రులు రేవు కాపలా. ద్రౌపదికి నారదుడు పెట్టిన రూలే మనకీ అని తవరే అన్నారు.

సూర్రావు: అర్జునుడు కూడా ఆయుధం కోసమే వెళ్ళాడు. బ్రాహ్మడి ఆవుల కోసం.

వీర్రాజు: వెళ్ళాడు, శిక్షా పడ్డాడు. తీర్థయాత్రకి పోయాడు.

సూర్రావు: నేను మాత్రం కాదన్నానా? ఆ రాత్రే దుప్పటి చంకన పెట్టుకుని రేవుకి వెళ్ళలేదూ?

వీర్రాజు: అదేనండి నా అనుమానం. శిక్ష పడితే తలకి కొబ్బరినూనె రాసుకుని, పాపిడి తీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళే ముద్దాయిని నేనెక్కడా చూళ్ళేదు.

(సూర్రావు చింతపండు పిసకడం మొదలెట్టాడు. అది అప్పటికే పిసికేసి ఉంది.)

వీర్రాజు: తీర్థయాత్రకని పోయినాయన ఉలూచినీ, చిత్రాంగదనీ, సుభద్రనీ చేసుకొచ్చాడండి. తవరికి రేవులో ఎవరు తగిలారు?

సూర్రావు: గొంతు తగ్గించు.

వీర్రాజు: నాది గుసగుసేనండి. తవరి చిటికెనవేలికి కట్టేటి?

సూర్రావు: కత్తి గీరుకుంది.

వీర్రాజు: శనివారం ఎడంచేతి వేలుకుంది. ఇవాళ కుడిచేతికి మారింది. గాయం నడిచెళ్ళిందా? అదీ జాంబీ అయిపోయిందా ఏటి?

సూర్రావు: (చాలాసేపటికి) నర్సమ్మగారు మంచి మనిషి.

వీర్రాజు: ఆయ్!

సూర్రావు: రాత్రిపూట నర్సాపురం ఒడ్డు నించి మందులు తెస్తారు, మన కొబ్బరికాయలు పట్టుకెళ్తారు. ఏదో రెండు మాటలు. అంతకన్నా ఏం లేదు. కాటన్ దొర మీద ఒట్టు.

వీర్రాజు: ఆ మహానుభావుణ్ణి ఇందులోకి లాక్కండి. అంటే కత్తి కోసం కాదన్నమాట! రేవు కాపలా పడాలనే నా వంతు రోజు చూసుకుని గదిలో కాలు పెట్టారు!

సూర్రావు: జాంబీ మాత్రం నిజంగానే వచ్చాడ్రా.

వీర్రాజు: వచ్చాడు సరే. ఏం చేశారు వాణ్ణి? నరికారా?

సూర్రావు: నర్సమ్మగారు ఓ సంగతి చెప్పారు. ఈ జాంబీ కథలు హైతీ దీవిలో పుట్టాయంట. అక్కడోళ్ళు ఏమంటారంటే, జాంబీకి ఉప్పు తగిలితే తను చచ్చిపోయానని గుర్తొచ్చి, లేచి తన సమాధికి తనే వెళ్ళిపోద్దంట. నరుకుడెందుకు, ఉప్పు పెట్టి చూద్దామనుకున్నాను.

వీర్రాజు: ఉప్పు డబ్బా నిండుగా ఉందే?

సూర్రావు: చీకట్లో డబ్బా దొరకలేదు.

వీర్రాజు: మరేం పెట్టారు?

(మౌనం. పొయ్యిలో కొబ్బరిమట్ట చిటపటలాడింది.)

వీర్రాజు: బావగారూ. ఆవకాయ జాడీ ఏదండి?

సూర్రావు: ఉప్పు కన్నా ఎక్కువే ఉంటుంది కదా అని...

వీర్రాజు: తిన్నాడా?

సూర్రావు: తిన్నాడు.

వీర్రాజు: సమాధికి వెళ్ళాడా?

సూర్రావు: అన్నం కోసం ఆగాడు.

వీర్రాజు: (తల పట్టుకుని) అయ్యో, అయ్యో. గదిలోకి వచ్చారు, పోనీలెండి. నర్సమ్మగారి మీద మనసు పడ్డారు, అదీ పోనీలెండి. పులస పులుసు దించేముందు ఆవకాయ మీద తేరిన నూనె పొయ్యాలండి! అది లేకపోతే ఇది పులసేనా? కొరమీను పులుసుకీ దీనికీ తేడా ఏటి? ఉన్న ఒక్క జాడీ! మామిడికాయలు ముక్కలు కొట్టింది నేను. ఆవపిండి విసిరింది ఆవిడ.

సూర్రావు: కాస్త అడుగున ఉందిరా.

వీర్రాజు: ఎంత?

సూర్రావు: టెంక.

(నన్నడిగితే ఈ ఇంట్లో అసలు మొగుడూపెళ్ళాలు వీళ్ళిద్దరే అంటాను. అడగరు గనక ఊరుకున్నాను. ఇంతలో రేవు వైపు ఏదో చప్పుడు. ఇద్దరూ ఒకే కత్తి పట్టుకుని లేచారు, ఒకడు పిడి, ఒకడు మొన. చిప్పలు కావు, కాకి. మళ్ళీ కూచున్నారు.)

సూర్రావు: ఆవిడకి చెప్పకు.

వీర్రాజు: ఏది? నర్సమ్మగారి సంగతా, జాడీ సంగతా?

సూర్రావు: నర్సమ్మగారి సంగతైతే మొదటి ప్రమాద హెచ్చరికతో పోద్ది. 11.75 అడుగులు. బ్యారేజీ దగ్గర అంతొచ్చినా ఎవరూ గొడ్డూగోదా విప్పరు. జాడీ సంగతి తెలిసిందంటే తిన్నగా మూడోదే. 17.75. 1986 వరదే మళ్ళీ.

వీర్రాజు: మొదటిదాని గురించి తవరేం బెంగపడక్కర్లేదండి. ఆవిడకి తెలుసు.

సూర్రావు: ఎలా తెలుసు? నువ్వేనా చెప్పింది?

వీర్రాజు: ఆవిడ సొంతం అన్న మూడ్రోజులు ఉన్నాయి కదండి. ఆ మూడ్రోజులూ ఎక్కడుంటారనుకున్నారు?

సూర్రావు: ఆ చివర కొబ్బరితోటలో, పాకలో. మనం రాకూడదంది. నేనూ ఎప్పుడూ వెళ్ళలేదు, మాటంటే మాటే.

వీర్రాజు: పాకలో ఏముందండి, కొబ్బరిపీచు. ఆవిడుండేది నర్సాపురం ఒడ్డున, నర్సమ్మగారి మేడ మీద. పడవ వేసేది నేనే. పోయిన సంక్రాంతి నించీ.

సూర్రావు: ...సంక్రాంతి నించా?

వీర్రాజు: గొబ్బెమ్మలు పెట్టినప్పటి నించండి. ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం.

సూర్రావు: అంటే నర్సమ్మగారు నా వేలికి కట్టు కట్టినప్పుడు...

వీర్రాజు: సత్యవతిగారి తరఫు మనిషి కదా అని మర్యాద చేశారండి. రెండో వేలికి గాయం లేదని కూడా ఆవిడకి తెలుసంట. దూది దండగని బాధపడ్డారు.

(సూర్రావు లేచి దాకలో గరిటె పెట్టబోయాడు.)

వీర్రాజు: గరిటె పెట్టకండి! ముక్క విరిగిపోద్ది. గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పాలి. మీ మనసు విరిగితే అతుక్కుంటది గానీ పులస అతుక్కోదు.

సూర్రావు: (దాక తిప్పుతూ) నీకు ఇన్నాళ్ళూ కోపం రాలేదా?

వీర్రాజు: ఎందుకు రాలేదండి? తెడ్డు వేసేది నేను, లోపల కబుర్లు వాళ్ళవి. రెండ్రోజులు అన్నం మానేశాను. ఎవరూ చూళ్ళేదు, మూడోరోజు తినేశాను. తర్వాత నర్సమ్మగారు పూతరేకులు పెట్టారు.

సూర్రావు: పూతరేకులా? ఇప్పుడెవరు చేస్తన్నారు?

వీర్రాజు: ఆవిడేనండి. పుట్టిల్లు ఆత్రేయపురం. కుండ బోర్లించి, బియ్యప్పిండి నీళ్ళల్లో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే రేకు లేచొచ్చేత్తది. నెయ్యి లేదని కొబ్బరినూనె రాశారు. అయినా సరే.

సూర్రావు: నాకు దూది, నీకు పూతరేకులు.

వీర్రాజు: ఎవరి అదృష్టం వాళ్ళదండి. అసలు సంగతింకా చెప్పలేదు. నీళ్ళు పెరిగితే పడవ తిరగదని సత్యవతిగారు ఆవిణ్ణి ఇక్కడికే వచ్చెయ్యమన్నారు. రేపొద్దున్న దిగుతారు. ఈ పులుసు అందుకే. రాత్రంతా ఉంచి రేపు తినాలి, ముట్టుకోకండి.

సూర్రావు: వంతుల పట్టీ?

వీర్రాజు: తలుపు చాలదండి. గోడ మీద రాద్దామండి. పులసలో జన, అదే గుడ్లు, నర్సమ్మగారికి, తలకాయ సత్యవతిగారికి.

సూర్రావు: తలకాయ ఎప్పుడూ నాది!

వీర్రాజు: తవరి వంతు ఆవకాయ జాంబీకి పెట్టేశారు కదండి. తవరికి తోక. మిగిలింది మూడు ముక్కలు చేసి...

సూర్రావు: ఇద్దరికి మూడెందుకు?

వీర్రాజు: ముగ్గురికండి. నర్సమ్మగారు వాళ్ళాయన్ని కూడా తీసుకొస్తన్నారు.

సూర్రావు: (దాక దించేసి, అసలైన భయంతో) ఆయనకి గురకుందేటి?

వీర్రాజు: ఆయ్. ఆయన పక్కన తవరిదే మంచం.