ఒకటో తారీఖు వాళ్లది, ఇరవయ్యో తారీఖు కొట్టుది

బైపాస్ పక్కన పెద్ద సూపర్‌మార్కెట్ తెరిచారంటే ఊళ్లో కిరాణా కొట్లు మర్నాడే మూతపడవు. ఏడాదికీ పడవు. దాంతో "ఏమైందిప్పుడు, ఎవరి గిరాకీ వాళ్లకుంది" అనే మాట గట్టిపడుతుంది. ఖమ్మం, కరీంనగర్, కర్నూలు, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లకు డీమార్ట్ వచ్చాక కూడా సందు సందుకీ కొట్టు తెరిచే ఉంది. షట్టర్లు లెక్కబెట్టేవాళ్లకు నష్టం కనబడదు. అది తెలియాలంటే కొట్లో పద్దు పుస్తకం తీసి, ఏ తారీఖున ఏ సరుకు పోయిందో చూడాలి.

ఇదివరకు జీతాలు పడగానే ఇంటి నుంచి కొట్టుకి చీటీ వెళ్లేది. పాతిక కిలోల బియ్యం బస్తా, కందిపప్పు, మినప్పప్పు, నూనె ప్యాకెట్లు, పంచదార, డజను సబ్బులు, పోపు సామాను, అగరొత్తులు. పొద్దున చీటీ ఇస్తే సాయంత్రానికి కుర్రాడు సైకిల్ మీద తెచ్చి దింపేవాడు. కొట్టుకి ఆయువుపట్టు ఆ చీటీయే. నూనెలో, పంచదారలో పెద్దగా మిగలకపోయినా జీలకర్ర, ఆవాలు, లూజు పప్పులు ఆ లోటు పూడ్చేవి. అద్దె, కరెంటు బిల్లు, గుమాస్తా జీతం మొదటి వారం అమ్మకాల్లోనే తేలిపోయేవి. నెల మధ్యలో పావుకిలో పంచదారకో, రెండు గుడ్లకో పిల్లాణ్ని పంపితే ఇచ్చి పంపడం పాత ఖాతాదారుకి చేసే మర్యాద. దాని మీద సంపాదించాలని ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడా చీటీ సూపర్‌మార్కెట్‌కి వెళ్తోంది. ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లి, ట్రాలీ నింపుకొని, ఫోన్‌పే కొట్టి వస్తారు. అక్కడ పద్దు రాయరు కాబట్టి డబ్బు చేతిలో ఉన్నప్పుడే వెళ్లాలి. ఇరవయ్యో తారీఖు నాటికి నూనె అడుగంటుతుంది, జీతమూ అడుగంటుతుంది. అప్పుడు వీధి చివరి కొట్టు గుర్తొస్తుంది. "రాసుకోండి, ఒకటో తారీఖున ఇచ్చేస్తాం." ఆ ఒకటో తారీఖు డబ్బులో మొదటి వాటా మళ్లీ ట్రాలీదే. శెట్టిగారి బాకీ సగం తీరుతుంది, సగం పై నెలకి జరుగుతుంది.

నేను చెప్పదలచింది ఇదే. వీధి కొట్లో అరువు పుడుతుందన్న భరోసా లేకపోతే, అంత జీతం ఒక్క ఆదివారం అక్కడ ఖర్చుపెట్టి రావడానికి చిరుద్యోగుల ఇళ్లలో చాలామందికి ధైర్యం చాలదు. సూపర్‌మార్కెట్ రొక్కం వ్యాపారానికి కొట్టు ఇచ్చే వడ్డీలేని అప్పు ఆసరాగా నిలుస్తోంది. బాకీ ఎగ్గొడితే మునిగేది మాత్రం కొట్టే. ఇవ్వనని గట్టిగా చెబుదామంటే, ఉన్న ఆ ఇరవయ్యో తారీఖు గిరాకీ కూడా పోతుంది.

ఇక ధర సంగతి. ప్యాకెట్ మీద ముద్రించిన ఎంఆర్‌పీకి మించి అమ్మకూడదని చట్టం. తగ్గించి అమ్మడానికి అడ్డులేదు. కొట్టువాడు ఎంఆర్‌పీకే అమ్ముతాడు, సూపర్‌మార్కెట్ కొట్టేసి పక్కన తక్కువ అంకె వేస్తుంది. చూసేవాళ్లకు ఒకడు దురాశపరుడిగా, ఇంకొకరు ధర్మాత్ముడిగా కనిపిస్తారు. అసలు తేడా కొనుగోలు దగ్గరుంది. లెక్క కోసం వంద రూపాయల సరుకు అనుకుందాం. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, డిస్ట్రిబ్యూటర్ నుంచి కొట్టుకి వచ్చేసరికి అది తొంభై. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఉంది. పెద్ద సంస్థ కంపెనీ దగ్గర నేరుగా లారీలకొద్దీ కొంటుంది. డిస్ట్రిబ్యూటర్ వాటా తనకే మిగులుతుంది. షెల్ఫులో కంటికెదురుగా పెట్టినందుకు ఒక తగ్గింపు, వెంటనే డబ్బు కట్టినందుకు ఇంకో తగ్గింపు. దానికి ఎనభై రెండుకో, అంతకంటే తక్కువకో పడుతుంది. తొంభై ఒకటికి అమ్మినా లాభమే. కొట్టువాడు ఆ ధరకు అమ్మితే మిగిలేది రూపాయి. చిన్న కొట్లలో చాలావరకు సరుకు దింపగానే రొక్కం కట్టేవే. వెంటనే కట్టినందుకు తగ్గింపు మాత్రం వాటికెవరూ ఇవ్వరు! ఆఫర్ పెట్టిన రోజున కొట్టువాళ్లే సంచి పట్టుకొని సూపర్‌మార్కెట్ వరుసలో నిలబడటానికి కారణం ఈ లెక్కే.

ఈ తేడా మీద ఒకసారి గట్టిగానే గొడవైంది. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ సరుకుల్లో కొన్నింటి సరఫరా ఆపేశారు. రిలయన్స్ వాళ్ల జియోమార్ట్ లాంటి పెద్ద సంస్థలకు ఒక ధర, మాకొక ధర ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. గమనిస్తే, వీధికెక్కినవాళ్లు కిరాణా కొట్లవాళ్లు కారు. వాళ్లకు అంత సంఘబలం లేదు.

2012లో మాత్రం అందరూ వీధికెక్కారు. చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం తలుపు తీసినప్పుడు, సెప్టెంబర్ 20న దేశమంతా బంద్ జరిగింది. వాల్‌మార్ట్ వచ్చి కొట్లను మింగేస్తుందని భయం. ఆ నిబంధనల్లో ఒకటి ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. విదేశీ దుకాణాలు ప్రధానంగా పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లోనే పెట్టాలి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో అలాంటివి హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ. అంటే ఖమ్మం కొట్టుకి విదేశీ కంపెనీ నుంచి రక్షణ దొరికింది, స్వదేశీ కంపెనీ నుంచి దొరకలేదు. మన సంస్థలకు జనాభా షరతు ఏనాడూ లేదు. హైదరాబాద్ సూపర్‌మార్కెట్ల గొలుసు త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొని మోర్‌గా మార్చినప్పుడూ, 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచినప్పుడూ, చిన్న ఊళ్లవాళ్లకు అది పట్నం ముచ్చట.

2002 నాటి పోటీ చట్టం ఆదుకుంటుందా అంటే, నష్టానికి అమ్మి ఎదుటివాణ్ని దెబ్బతీయడాన్ని అది నిషేధించేది మార్కెట్లో ఆధిపత్యం ఉన్న సంస్థకు మాత్రమే. దేశం మొత్తం కిరాణా వ్యాపారంలో ఏ గొలుసు సంస్థ వాటా తీసినా చిన్నదే. పైగా ఇక్కడ నష్టానికి అమ్మేదీ తక్కువే, లాభానికే అమ్ముతున్నారు.

కొట్టు మీద జాలితో పాత పాపాలు మరిచిపోకూడదు. కిలోకి యాభై గ్రాములు తక్కువ తూగే తక్కెడలు, రాళ్లు కలిసిన పప్పు, తేదీ దాటిన బిస్కట్లు, మనిషిని బట్టి మారే ధర మనందరికీ తెలుసు. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. కొన్ని కులాలవాళ్లు గుమ్మం బయటే నిలబడి సరుకు అందుకున్న కొట్లుండేవి. చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేసిన కొట్లుండేవి. సూపర్‌మార్కెట్లో ఎవరింటి మనిషని ఎవరూ అడగరు. కావలసింది చేత్తో తీసి, తిప్పి చూసి, వద్దనుకుంటే పెట్టేయొచ్చు. శానిటరీ ప్యాడ్లు నల్ల కవర్లో చుట్టించుకోకుండా బుట్టలో వేసుకోవచ్చు. ఏసీ కోసమే జనం వెళ్తున్నారని వెక్కిరించేవాళ్లకు ఈ హాయి అర్థం కాలేదు. ఈ ఒక్క విషయంలో నేను సూపర్‌మార్కెట్ వైపే.

కొట్లను నిలబెట్టాలంటే ఏం చేయాలి? పెద్ద దుకాణాలకు అనుమతులు బిగించడం ఒక దారి. ఫ్రాన్స్ 1973లో అలాంటి చట్టమే చేసింది. అప్పటికే లోపలున్న పెద్ద దుకాణాలకు కొత్త పోటీ రాకుండా అది కోటగోడ అయింది. ఆంధ్రప్రదేశ్ ఇంకో ప్రయోగం చేసింది. 2017 చివర్లో చంద్రన్న విలేజ్ మాల్స్ పేరుతో రేషన్ డిపోల్లోకి రిలయన్స్, ఫ్యూచర్ గ్రూపు సరుకు తెచ్చింది. పెద్దవాళ్ల కొనుగోలు ధర చిన్న డీలరుకి అందాలన్న ఆలోచన సబబే. కానీ ఆ ఫ్యూచర్ గ్రూపు దుకాణాల కంపెనీ ఫ్యూచర్ రిటైల్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సరఫరాదారు రాత మీద ఆధారపడితే డీలరు గతి అంతే. కొట్లకు హోల్‌సేల్ అమ్మే మెట్రో సంస్థ భారత వ్యాపారాన్ని రిలయన్స్ 2,850 కోట్లకు కొనుక్కుంది. కొట్టుకి సరుకిచ్చేదీ, కొట్టు ఎదురుగా దుకాణం తెరిచేదీ ఒక్క చెయ్యే అయితే రేటెవరు నిర్ణయిస్తారు?

నాకు సూటిగా తోచేది కొనుగోలు ధర మీద చట్టం. అమెరికా 1936లోనే, ఒకే సరుకును పోటీదారులైన ఇద్దరు వ్యాపారులకు వేర్వేరు ధరలకు అమ్మి పోటీని దెబ్బతీయకూడదని చట్టం చేసింది. తర్వాత దశాబ్దాల పాటు దాన్ని అటక మీద పెట్టారనుకోండి. మన దగ్గర కనీసం సబ్బుల కంపెనీ ఎంత సరుకుకి ఎంత తగ్గింపు ఇస్తుందో, దేనికి ఇస్తుందో అందరికీ తెలిసేలా ప్రకటించాలని అడగొచ్చు. అప్పుడు పది కొట్లు కలిసి ఆ సరుకు కొంటే ఆ తగ్గింపు రావాలి. పెద్ద లారీకి రవాణా కలిసొస్తుంది, నిజమే. అది ఎంతో, మిగతాది బేరంబలం ఎంతో విడదీసి చూపించమనడమే.

అంతదాకా తెలివైన కొట్టువాళ్లు ఎంఆర్‌పీ లేని సరుకు వైపు జరుగుతున్నారు. మిల్లు నుంచి బియ్యం, కొత్త చింతపండు, అనకాపల్లి బెల్లం, దంచిన కారం, పశువుల దాణా. వీటికి ముద్రించిన ధర లేదు, కొట్టేసి తగ్గించడానికి. ఆవకాయ రోజులొస్తే ఆవపిండి, గుంటూరు కారం, గానుగ నువ్వుల నూనె కోసం మళ్లీ చీటీ రాసుకొని వస్తారు. ఏ మిరపకాయో, ఏ గానుగో అడిగి మరీ తూయించుకుంటారు, రొక్కం ఇచ్చి వెళ్తారు.