చట్టంలోని 'వ్యక్తి' గారికి ఒక ఉత్తరం

వ్యక్తి గారూ,

అసలు ఈ లెటర్ ఎలా మొదలుపెట్టాలో తెలీక అరగంట కూర్చున్నానండీ. మా లాయర్ల కంప్యూటర్లో టెంప్లేట్ తెరిస్తే పైన 'డియర్ సర్స్' అని ముందే కొట్టేసి ఉంటుంది, అవతల చదివేది నలుగురు ఆడవాళ్లయినా సరే వాళ్లు సర్సే. మీరు ఆడో మగో నాకు తెలీదు, పుస్తకాల ప్రకారం మీరు ఇద్దరూనంట, అందుకే గారూ అని సరిపెట్టేశాను.

చట్టంలో ఏ పేజీ తిప్పినా మీరే కనిపిస్తారు. "ఏ వ్యక్తి అయినా" దొంగతనం చేస్తే, "ఏ వ్యక్తి అయినా" పన్ను ఎగ్గొడితే... అబ్బో అక్కడ మీ మనసెంత విశాలమో, ఆడా మగా, నలుపూ తెలుపూ, ఉన్నోడూ లేనోడూ అని చూడకుండా అందర్నీ లోపలేసుకుంటారు. జైలు గేటు దగ్గర "నువ్వసలు వ్యక్తివేనా" అని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. లా చదివి సన్నదు, అదే లాయరు లైసెన్సు, ఇప్పించండి అని ఆడవాళ్లు వచ్చి నిలబడ్డప్పుడు మాత్రం ఆ డౌటు మీకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చేసింది.

1896 గుర్తుందా? సాలమన్ అని లండన్లో బూట్లు తయారు చేసే ఆయన, ఆయన కంపెనీ కేసు అప్పట్లో అక్కడి పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోతే, కంపెనీ అంటే సాలమన్ కాదు బాబూ, అది విడిగా ఇంకో వ్యక్తి అని తేల్చారు. నాకేం అభ్యంతరం లేదు, కాగితాల కట్టకి ప్రాణం పోశారు, మంచిదే. కానీ సరిగ్గా 17 ఏళ్లకి, 1913లో, అదే లండన్లో గ్వినెత్ బెబ్ అనే ఆవిడ, ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి, సొలిసిటర్, అంటే అక్కడ ఒక రకం లాయరు, ఆ పరీక్ష రాస్తానంటే వాళ్ల సంఘం లా సొసైటీ వద్దంది. కోర్టుకెళ్లింది. 1843 నాటి సొలిసిటర్స్ యాక్టులో ఉన్నది మీ పేరే, పైగా మగవాళ్ల గురించి వాడిన మాట ఆడవాళ్లకీ వర్తిస్తుందని ఆ యాక్టులోనే రాసుంది. అయినా అప్పీల్ కోర్టు ఏమందో తెలుసుగా, ఆడవాళ్లు ఈ పని చేసిన ఆనవాయితీ లేదు కాబట్టి చేయడానికి లేదు అంది! ఎందుకు చేయలేదయ్యా అంటే, మీరు చేయనివ్వలేదు కాబట్టి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. సామెత మనదే గానీ పేటెంటు మాత్రం వాళ్లు పట్టుకుపోయారు.

1919లో అక్కడ చట్టం మార్చారు లెండి. బెబ్ లాయరు కాకుండానే 1921లో పోయింది.

మన దగ్గర మీరు చేసిన నిర్వాకం తక్కువేం కాదు. 1916లో రెజీనా గుహ కలకత్తాలో ప్లీడరుగా పేరు రాసుకోండి అంటే, అయిదుగురు జడ్జీలు కూర్చుని మీ అర్థం వెతికి వెతికి చివరికి ఆవిడ మీలో పట్టదన్నారు. పుంలింగంలో స్త్రీలింగం కూడా ఉన్నట్టే అని చట్టాల్లో మాటలకి అర్థం చెప్పే జనరల్ క్లాజెస్ యాక్టులో అప్పటికే ఉంది, 1897 నుంచీ. తర్వాత 1921లో సుధాంశుబాల హజ్రా పాట్నాలో అడిగితే అక్కడా అదే జవాబు. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని చక్కగా ఎన్‌రోల్ చేసుకుంది. అంటే పాట్నాలో వ్యక్తి కానావిడ అలహాబాద్‌లో వ్యక్తి అన్నమాట, మరి ఆ రైలు ఏ స్టేషన్ దాటాక మనిషి వ్యక్తిగా మారుద్దో టికెట్ మీద ఎక్కడా రాయలేదు. చివరికి 1923లో, ఆడదన్న ఒక్క కారణంతో కాదనడానికి లేదు అని విడిగా ఒక చట్టమే తేవాల్సొచ్చింది.

చట్టంలో మారారు కాబట్టి ఇక గొడవ వదిలేసిందనుకుంటున్నారేమో. అమెరికాలో షార్లెట్ రే 1872లోనే వాషింగ్టన్లో లాయరైంది, ఆ దేశంలో లాయరైన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే, రిజిస్టర్లో పేరుంది కానీ కేసులు లేవు, కొన్నేళ్లకి ప్రాక్టీసు మూసేసి టీచరు పనికి పోయింది. శాండ్రా డే ఓకానర్ 1952లో స్టాన్‌ఫర్డ్‌లో లా ముగించి ఉద్యోగం అడిగితే ఒక ఫర్మ్ వాళ్లు లీగల్ సెక్రటరీ పని ఇస్తామన్నారు, 1981లో ఆవిడే అక్కడి సుప్రీంకోర్టు జడ్జి. మొన్న మొన్న 2020లో ఇంగ్లండ్‌లో ఒక నల్లజాతి బారిస్టర్‌ని ఒకే రోజు కోర్టులో మూడుసార్లు ముద్దాయి అనుకున్నారు. చూశారా, ముద్దాయి కుర్చీ దగ్గర మాత్రం మీ విశాల హృదయం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఇప్పుడు ఎవరూ వద్దు అనరండీ, ఆ మాట పాతబడిపోయింది. "టాలెంట్ ఉంది, కానీ మన టీమ్‌కి సెట్ అవ్వదు" అంటారు. సెట్ అవడమంటే ఏంటో ఎవరూ చెప్పరు, ఆ ఇంగ్లీషు, ఆ కాలేజీ, నాన్నగారి ఛాంబరు, జీతం లేకుండా ఏడాది పని చేయగల ఇల్లు, ఇవన్నీ కలిపితే వచ్చేదే మెరిట్. మెట్లు ఎక్కలేని వాళ్లకి కోర్టు హాలు పై అంతస్తులో ఉంటుంది. మరి సమానత్వం కోసం ఏమీ చేయట్లేదా అంటే చేస్తున్నారు, కమిటీ వేశారు, ఆ కమిటీలో పని చేసేది మళ్లీ మేమే, ఫీజున్న పని వదిలేసి, బ్రోచర్‌లో ఫొటోకి నవ్వేది కూడా మేమే.

ఒక ముక్క చెప్పి ముగిస్తా. ఈమధ్య గంటంబావు వాదించి ఆర్డర్ తెచ్చుకుని బయటికొచ్చాను, గొంతు బొంగురుపోయి ఉంది. క్లయింట్ గారి తమ్ముడు గబగబా వచ్చి నా పక్కనున్న నా జూనియర్ కుర్రాడి చెయ్యి పట్టుకుని "సార్, ఇరగదీశారు" అన్నాడు. ఆ అబ్బాయి హాల్లో నోరు తెరిచింది ఒక్కసారే, అది కూడా ఆవలించడానికి. పాపం వాడు చెప్పబోతుంటే వినకుండా ఆయన నా వైపు తిరిగి "మేడమ్, సార్ నంబర్ కొంచెం ఇస్తారా" అన్నాడు.

ఇచ్చాను, నా నంబరే.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్ ఉన్నారా అండీ?"

"మాట్లాడుతున్నా, చెప్పండి" అన్నాను.

ఇట్లు,
డియర్ సర్స్‌లో ఒక సర్