కత్తికి హద్దు

అందం కోసం శస్త్రచికిత్స చేయించుకున్న వారిని వేలెత్తి చూపే కాలం దాటిపోయింది. పెళ్లిచూపులకు ముందు నుదుటి మీది మచ్చ పోగొట్టుకోవాలనుకునే పాలకొండ అమ్మాయి, గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చి పలచబడిన జుట్టుకు వైద్యం వెతుక్కునే సోంపేట కుర్రాడు, బరువైన దుద్దులు మోసి మోసి తమ్మెలు తెగిపోయిన గజపతినగరం గృహిణి, వీరెవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మా ఆందోళన వేరొకటి. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు పట్టుకుని విశాఖకో హైదరాబాదుకో వెళ్లివచ్చిన వారిలో కొందరిని చూడగానే ఏదో చేయించుకున్నారని ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతోంది. ముఖం బాగుందనిపించాలి తప్ప, ముఖానికి ఏదో జరిగిందనిపించకూడదు. ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి, అసలు చేయాలా వద్దా అనే మూడు ప్రశ్నలకు కత్తి పట్టకముందే సరైన జవాబు చెప్పగల వైద్యుడి దగ్గరే సహజమైన ఫలితం సాధ్యమవుతుంది. ప్రకటనల్లో ప్రతి ప్యాకేజీకీ తగిలించే ‘సహజమైన అందం’ అనే హామీలో ఈ ప్రశ్నల ఊసే ఉండదు.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన తమ్మె సంగతే తీసుకుందాం. తెగిన రెండు భాగాలనూ దగ్గరకు లాగి కుట్టేస్తే అవి అతుక్కోవు. చీలిక లోపలి అంచులు అప్పటికే చర్మం కప్పుకుని మానిపోయి ఉంటాయి. మత్తు సూది వేసి, ఆ మానిన పొరను సన్నగా చెక్కి, పచ్చి అంచులను ముందువైపు, వెనుకవైపు విడివిడిగా సన్నని దారంతో కలపాలి. కుట్టును అంచు వరకు తిన్నగా దించితే, మచ్చ కుంచించుకుపోయేకొద్దీ తమ్మె కొసన చిన్న నొక్కు పడుతుంది. దాన్ని తప్పించడానికి అనుభవజ్ఞులు చాలామంది ఆ చివర కుట్టును మెలిక తిప్పుతారు. కొత్త కన్నాన్ని కొన్ని నెలలు ఆగి, పాత మచ్చ మీద కాకుండా దాని పక్కన వేయించుకోమంటారు. పట్టుమని గంట పట్టని ఈ చిన్న పనిలోనే సహజత్వానికి ఇంత ఆలోచన అవసరమైతే, ముక్కునూ కనురెప్పనూ తాకే పనికి ఎంత కావాలో ఊహించుకోవచ్చు.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. చెవి తమ్మెలను అతికే పద్ధతులను సుశ్రుత సంహిత పదిహేను చెప్పింది; తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి నిలబెట్టే విధానాన్నీ వివరించింది. మైసూరు యుద్ధకాలంలో టిప్పు సుల్తాను సేనకు చిక్కి ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండివానికి పుణె ప్రాంతపు దేశీయ వైద్యుడొకరు నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన బ్రిటిష్ వైద్యలోకంలో ఆసక్తి రేగి, 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు అదే పద్ధతిని లండన్‌లో అనుసరించాడు. క్యాన్సర్ వల్లనో ప్రమాదం వల్లనో ముక్కు కోల్పోయిన వారికి నేటికీ నుదుటి చర్మాన్నే వాడుతున్నారంటే కారణం ఉంది: రంగులోనూ మందంలోనూ ముక్కు చర్మానికి అది బాగా దగ్గర. పోయినదాన్ని దానిలాంటి దానితోనే నింపాలన్న ఆ నియమమే ఈ విద్యకు ఇప్పటికీ ఆధారం.

అయితే నేడు ముక్కు కోసం వైద్యుడి దగ్గరకు వెళ్లేవారిలో చాలామంది ముక్కు నిక్షేపంగా ఉన్నవారే. వారికది నచ్చడం లేదు. ఆ అసంతృప్తిలో ఫోను వాటా తక్కువేమీ కాదు. 12 అంగుళాల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు ఉన్నదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందనీ, 5 అడుగుల దూరంలో ఆ తేడా దాదాపు ఉండదనీ 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టి చూపారు. లేని వెడల్పును తగ్గించమని అడిగే యువతకు ఈ ఒక్క ముక్క చెప్పి ఇంటికి పంపగల వైద్యుడే నిజంగా మేలు చేసినవాడు.

నిజంగా సరిచేయాల్సిన ముక్కు ఉన్నవారి విషయంలో పెద్ద చిక్కు చర్మం మందం. మన ప్రాంతంలో చాలామందికి ముక్కు కొసన చర్మం దళసరిగానూ, లోపలి మృదులాస్థి మెత్తగానూ ఉంటుంది. లోపలి చట్రాన్ని ఎంత తగ్గించినా, పైనున్న దళసరి చర్మం ఆ మేరకు ముడుచుకోదు. ముక్కు సన్నబడకపోగా కొస ముద్దలా తయారవుతుంది. అందుకే నేటి సమర్థ వైద్యులు ఇలాంటి ముక్కులో తీయడం కంటే నిలబెట్టడానికే ఎక్కువ శ్రమిస్తారు. ముక్కు మధ్యగోడ నుంచో, చెవి నుంచో, అవసరమైతే పక్కటెముక నుంచో మృదులాస్థిని తీసి ఆసరాగా అమరుస్తారు. ఆ శ్రమ తప్పించుకోవడానికి సిలికాన్ ముక్క పెడితే పని త్వరగా, చౌకగా అయిపోవచ్చు గానీ, కాలక్రమంలో అది పక్కకు జరగడం, ఇన్ఫెక్షన్ రావడం, చర్మాన్ని పలచబరచి బయటపడడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. ఇక ఎముకనూ మృదులాస్థినీ మోతాదు మించి తొలగిస్తే కొన్నేళ్లకు ముక్కు దూలం కుంగుతుంది, రంధ్రాలు నొక్కుకుపోతాయి, ఊపిరి ఆడడం కష్టమవుతుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి ఏకాండి వీణ చేసే కళాకారుడు ఉలి దెబ్బ దెబ్బకూ చెక్క మందం చూసుకుంటాడు, ఎందుకంటే తొలిచేసిన చెక్క మళ్లీ రాదు. ముక్కు మీద పనిచేసే చేతికి ఉండాల్సిన భయమూ అదే.

జుట్టు నాటడంలో మోసపోతున్న వారిలో మన యువకులే ఎక్కువగా కనిపిస్తున్నారు కనుక ఆ సంగతి కొంత వివరంగా చెప్పాలి. బట్టతలకు జుట్టు నాటే పద్ధతిని అమెరికా వైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో వెల్లడించినప్పుడు, సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పున్న చర్మపు ముక్కల్ని కుదుళ్లతో సహా తీసి నాటేవారు. ఫలితంగా బొమ్మ తలకు కుచ్చులు గుచ్చినట్టు కనిపించేది. జుట్టు సహజంగా ఒకటి నుంచి నాలుగు వెంట్రుకల చిన్న చిన్న గుంపులుగా మొలుస్తుందన్న అవగాహనతో, 1990ల నుంచి ఆ గుంపులనే విడదీసి నాటుతున్నారు. అయినా అసహజంగా కనబడే తలలు ఇంకా ఎందుకు తయారవుతున్నాయంటే, ఆ అవగాహనను ఓపికగా అమలుచేసేవారు తక్కువ కాబట్టి. నుదుటి అంచున ఒంటి వెంట్రుకల కుదుళ్లే నాటాలి. రెండు మూడు ఉన్నవి వెనక్కి వెళ్లాలి. అంచు గీత గీసినట్టు ఉండకూడదు, కాస్త ఎగుడుదిగుడుగా ఉండాలి. ప్రతి వెంట్రుకా ముందుకు వాలినట్టు, కణతల దగ్గర కిందికి ఒరిగినట్టు నాటాలి. వీటిలో ఏది తప్పినా దువ్వెన ఎలా తిప్పినా దాగదు.

అంతకంటే పెద్ద తప్పు అత్యాశ. తల వెనుక భాగంలో రాలిపోని జుట్టు ఎవరికైనా కొంత మేరకే ఉంటుంది. అక్కడి నుంచి తీసిన కుదురు అక్కడ మళ్లీ మొలవదు. పాతికేళ్ల కుర్రాడు పదహారేళ్లనాటి నుదురు కావాలని అడిగితే, ఇన్ని వేల గ్రాఫ్టులు (నాటే కుదుళ్లు) వేస్తామని లెక్కచెప్పి కిందివరకూ నాటేసే క్లినిక్కులు ఉన్నాయి. నలభై ఏళ్లు దాటేసరికి నాటిన జుట్టుకు వెనక, నడినెత్తి మీదున్న అసలు జుట్టు రాలిపోయి, నాటిన గీత ఒక్కటే ముందు ఒంటరిగా మిగులుతుంది. అప్పుడు దాని వెనుక నింపడానికి నిల్వ ఉండదు. తండ్రి, మేనమామల తలలు ఎలా ఉన్నాయో అడగకుండా, రాలడం ఆగడానికి మందులు ముందు ప్రయత్నించకుండా, మొదటి రోజే గ్రాఫ్టుల ధర చెప్పే చోట యువకులు అడుగు వెనక్కి వేయాలని మేము గట్టిగా కోరుతున్నాం.

ముఖం ముడతల విషయంలో ఒక మాట చాలు. పైచర్మాన్ని మాత్రమే లాగి బిగించే పాత పద్ధతిలో నోటి మూలలు చెవుల వైపు సాగి, ఎదురుగాలికి నిలబడ్డట్టు ముఖం తయారయ్యేది. చర్మం కింద కండరాలను కప్పి ఉండే పొరను మిట్జ్, పెరోనీ అనే వైద్యులు 1976లో వర్ణించాక, బిగువంతా ఆ లోపలి పొర మీద వేసి చర్మాన్ని తేలిగ్గా వదలడం సాధ్యమైంది. కనురెప్పల కింద కొవ్వును పూర్తిగా తీసేయకుండా కొంత ఉంచడమూ, పెదవులను నింపే ఫిల్లర్ ఇంజెక్షన్‌ను కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో ఇవ్వడమూ ఇలాంటి సంయమనమే.

ఉత్తరాంధ్ర చర్మానికి తనదైన హెచ్చరిక మరొకటి ఉంది. చామనఛాయ, నలుపు రంగు చర్మంలో గాయం మానేటప్పుడు మచ్చ నల్లబడడం, కొందరికి ఉబ్బి కీలాయిడ్‌గా మారడం తెల్లచర్మం కంటే ఎక్కువ. తెల్లవారి చర్మానికి సరిపడే లేజర్ మోతాదు, ఆమ్లపు పూతల గాఢత మన వారికి వాడితే మచ్చ పోవడం అటుంచి కొత్త మచ్చలు వస్తాయి. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ ఉంటే ఆ మాట వైద్యుడికి ముందే చెప్పితీరాలి. ఒంటి రంగునే మార్చేస్తామని ఇంజెక్షన్లు అమ్మేవారిని, స్టెరాయిడ్ క్రీములను ఫెయిర్‌నెస్ క్రీముల్లా చేతిలో పెట్టే మందుల దుకాణాలను కూడా ఈ హెచ్చరికలో చేర్చక తప్పదు. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేనిదే అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన కఠినం చేసింది. వాటిని నెలల తరబడి పూసుకుని ముఖం పలచబడి, ఎర్రబారి, మొటిమలు పొంగిన అమ్మాయిలకు ఆ తర్వాత ఏ శస్త్రచికిత్సా సహజమైన ఛాయను తిరిగి ఇవ్వలేదు.

మాఘమాసంలో ముహూర్తం పెట్టుకుని పుష్యంలో క్లినిక్కుకు పరుగెత్తడం ఇప్పుడు మామూలైపోయింది. ముక్కు వాపు, ముఖ్యంగా కొస దగ్గరి వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టవచ్చు. నాటిన జుట్టు మొదటి వారాల్లో రాలిపోయి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తి, నిండుగా కనిపించడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది తీసుకుంటుంది. పెళ్లి ఫొటోల కోసమే చేయించుకునేవారికి ఈ లెక్క చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం మోసమే. అద్దం ముందు గంటలు గడుపుతూ, ఎవరికీ కనబడని లోపాన్ని పట్టుకుని కుమిలిపోయేవారికి కావాల్సింది మానసిక వైద్యుడు; వారు ఎన్ని శస్త్రచికిత్సలు చేయించుకున్నా తృప్తి కలగదు. వారిని గుర్తించి కాదనగలగడం కూడా శస్త్రవైద్యుడి నైపుణ్యంలో భాగమే.

అసలు కత్తి ఎవరి చేతిలో ఉందన్నది అన్నిటికంటే ముఖ్యం. జనరల్ సర్జరీలో ఎంఎస్ తర్వాత మూడేళ్లు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చదివినవారు ఒకవైపు, నాలుగు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లివచ్చి బోర్డు కట్టినవారు మరోవైపు ఉన్నారు. యూట్యూబ్ వీడియోలో, వర్క్‌షాప్‌లో చూసి నేర్చుకున్నది శిక్షణ అనిపించుకోదని జాతీయ వైద్య కమిషన్ జుట్టు మార్పిడి విషయంలో 2022లోనే స్పష్టం చేసింది. బెంగళూరులో కొవ్వు తీయించుకున్న యువ నటి అదే ఏడాది మరణించింది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో నవ్వును సరిచేయించుకోవడానికి దంతవైద్యశాలకు వెళ్లిన, పెళ్లి కుదిరిన యువకుడు ప్రాణాలతో తిరిగి రాలేదు. చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. ఇంగ్లిషులో అచ్చేసిన కాగితం మీద చివరి నిమిషంలో పెట్టించే సంతకాన్ని ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మనిషి ఇచ్చిన సమ్మతిగా మేము భావించలేం.

రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు 2002 నుంచి చట్టం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు ఆ చట్టాన్ని ఆధారం చేసుకుని సౌందర్య చికిత్సల పేరుతో నడిచే ప్రతి క్లినిక్కునూ తనిఖీ చేయాలి. కత్తి పట్టే వైద్యుడి పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ సంఖ్య గుమ్మం దగ్గర తెలుగులో రాయించాలి. ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఆ క్లినిక్కు రోగులవేనా, చికిత్స జరిగి ఎన్నాళ్లకు తీసినవి అని అడిగి తేల్చాలి. సమ్మతి పత్రం తెలుగులో, శస్త్రచికిత్సకు కనీసం కొన్ని రోజుల ముందే రోగి చేతికి అందాలి. కాలిన గాయాలతో మెడ ముడుచుకుపోయిన మహిళలకు, గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలకు సహజమైన రూపం ఇచ్చేది కూడా ఈ వైద్యులే. ఆ సేవ కోసం ఇచ్ఛాపురం వైపు వారు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రికి (కేజీహెచ్) వెళ్లాల్సిన అగత్యం తప్పాలంటే, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జన్ ఓపీ వారంలో నిర్ణీత రోజుల్లో తప్పక నడవాలి. ప్రైవేటు క్లినిక్కు చెప్పినది సబబో కాదో డబ్బు కట్టేముందు అడిగి తెలుసుకునే అవకాశం సామాన్యుడికి ఆ ఓపీలోనే దొరకాలి. ఈ ఏర్పాటుకు అవసరమైన పోస్టుల భర్తీ ప్రతిపాదనలను వైద్య విద్య సంచాలకుల కార్యాలయానికి పంపించే బాధ్యతను రెండు జిల్లాల ప్రజాప్రతినిధులు తీసుకోవాలి.