అత్తగారు ముందే తిరిగేశారు

శుక్రవారం రాత్రి, 2026 జనవరి చలి, టెక్సస్‌లో ఫ్రిస్కో. ఇడ్లీ పాత్ర తిరిగిచ్చి పోదామని అక్కా బావల ఇంటికి వెళ్ళి, పకోడీల ప్లేటు ముందు ఇరుక్కుపోయాను. ఆవిడ అప్పుడే వాళ్ళమ్మతో మాట్లాడి ఫోను పెట్టేసింది. అవతల హైదరాబాద్ కూకట్‌పల్లిలో శనివారం పొద్దున్న. నేను ఆవిడకి వరసకి తమ్ముణ్ణి, కాబట్టి ఇందులో కాస్త పక్షపాతం ఉంటుంది. సర్దుకోండి.

ఆవిడ: ఏమండీ, మొన్న మా అమ్మకి ఫోన్ చేసి ఏం చెప్పారు?

ఆయన: (లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా) ఏం చెబుతాను, బాగున్నారా అన్నాను. టిఫిన్ చేశారా అన్నాను.

ఆవిడ: ఆ తర్వాత?

ఆయన: కార్డొచ్చింది అన్నాను.

ఆవిడ: ఏ కార్డు?

ఆయన: నీ కార్డే. ఈఏడీ, ఇక్కడ పని చేసుకునే పర్మిట్.

ఆవిడ: ఈఏడీ అని చెప్పారా?

ఆయన: కార్డు అన్నాను.

ఆవిడ: మా అమ్మకి తెలిసిన కార్డులు మూడు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, గ్రీన్ కార్డు. ఫ్రిస్కోలో మనకి ఇందులో ఏది వచ్చిందనుకుంటుంది?

ఆయన: (ఇప్పుడు తలెత్తాడు) ఓహో. పోన్లే, కాసేపు సంతోషించి ఉంటారు.

ఆవిడ: సంతోషించి ఊరుకుంటే గొడవే లేదు. గురువారం చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి 108 ప్రదక్షిణాలు చేసొచ్చింది.

ఆయన: 108?

ఆవిడ: 108. ఇప్పుడు మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ ఫోన్ చేసింది.

ఆయన: మొక్కుకున్నప్పుడు తిరిగింది 11 కదే?

ఆవిడ: కోరుకున్నప్పుడు 11, తీరాక 108. గ్రీన్ కార్డుకి మొదటి మెట్టని మీ పెర్మ్ వేసిన 2014లో ఆ 11 తిరిగింది. అప్పుడు పాపం మోకాళ్ళు కూడా బాగుండేవి.

ఆయన: అంటే ఇప్పుడు స్వామివారి దగ్గర మన ఫైలు...

ఆవిడ: క్లోజ్! ఆయన లెక్కలో మనకి కార్డు ఇచ్చేశారు, మనకి అందింది, మొక్కు చెల్లింది. రుజువు కూడా ఉంది. ఇదిగో చూడండి.

(ఫోను నా చేతికీ వచ్చింది. 1 నుంచి 108 దాకా నంబర్లు అచ్చేసిన చీటీ. మడతల దగ్గర నలిగిపోయింది, మూలన కుంకుమ మరక. వాళ్ళమ్మగారు తిరుగుతుంటే పెద్దాయన ఓ పక్కన కూర్చుని నీలం పెన్నుతో టిక్కులు పెట్టారట. డెబ్బై దాటాక టిక్కులు వాలిపోయాయి. పెద్దాయనకి కునుకు పట్టినట్టుంది.)

ఆయన: (స్క్రీను మీద రెండు వేళ్ళతో పెద్దది చేసి) ఆగాగు! 83 మీద టిక్కు లేదు. 84 మీద రెండున్నాయి.

ఆవిడ: అయితే?

ఆయన: అయితే ఏంటి, 83వది తిరిగినట్టు రికార్డు లేదు. రికార్డు ప్రకారం 107. మొక్కు అసంపూర్తి. మన కేసు ఇంకా పెండింగే!

ఆవిడ: మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో చేశారండీ.

ఆయన: ఆడిట్ వాళ్ళు పక్కవాళ్ళ లెక్కలు చూస్తారు, సొంతవి కాదు.

ఆవిడ: ఇంకా రుజువులు పంపమని స్వామివారికే ఆర్‌ఎఫ్‌ఈ వేస్తున్నారా మీరు? ఆ టిక్కు సంగతి ఆయన చూసుకుంటారు గానీ, మీరు ఆ కార్డు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడమేంటి? "ఆకుపచ్చగా లేదేంటమ్మా" అని నాన్న అడిగారట. "ట్రంప్ వచ్చాక రంగు మార్చుంటాడులెండి" అని అమ్మే సర్దిచెప్పిందట.

ఆయన: కింద రాసుందిగా, నాట్ వాలిడ్ ఫర్ రీఎంట్రీ అని. అది చదివితే తెలిసేది.

ఆవిడ: ఆ అక్షరాలు మీకే కళ్ళజోడు లేకుండా కనపడవు. మా అమ్మ చదివింది ఒక్కటే, నా మొహం. "పిల్ల చిక్కిపోయింది, అయినా సాధించింది" అంటోంది. ఏం సాధించానండీ నేను? 18 నెలలు! ఇదివరకు 5 ఏళ్ళకి ఇచ్చే కార్డు, ఇప్పుడు 18 నెలలకి ఇచ్చారు. 18 నెలల కార్డుకి 108 ప్రదక్షిణాలు చేసింది మా అమ్మ. నెలకి 6 పడింది!

ఆయన: (వేళ్ళ మీద లెక్కేసి) కరెక్టే. 6.

ఆవిడ: లెక్క సరిపోయిందని సంతోషం ఒకటి.

ఆయన: పోనీ ఇక్కడి హనుమంతుడి గుళ్ళో కొత్తగా మొక్కుకుందాం. కేస్ ట్రాన్స్‌ఫర్.

ఆవిడ: చిలుకూరులో ఫైలు క్లోజైందని ఆయనకి తెలీదనుకుంటున్నారా? వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకోరూ?

ఆయన: ఏదైనా వేసి చూద్దామంటే చిలుకూరులో హుండీ కూడా లేదాయె.

ఆవిడ: అందుకే ఆయన్ని నమ్మింది మా అమ్మ. డబ్బు ఎక్కువ కడితే త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ అక్కడా లేదు, మన గ్రీన్ కార్డు అప్లికేషన్ 485కీ లేదు. వేసింది 2020 అక్టోబరులో. ఆ గుమస్తా ఎవరో గానీ, వాడికి పెళ్ళై పిల్లలు కూడా పుట్టుంటారు ఈపాటికి.

ఆయన: వీసా బులెటిన్లో క్యూ డేటు కాస్త కదిలిందే. ఇంకా 2013లోనే ఉందిగానీ...

ఆవిడ: అది కదలడమంటారా? మనది 2014. మా అమ్మ మోకాళ్ళు దానికంటే ఎక్కువ కదిలాయి నిన్న.

(ఇక్కడ ఓ పకోడీ కరకరలాడింది. అది నాది. ఇద్దరూ నావైపు చూశారు. నేను ప్లేటు కింద పెట్టేశాను.)

ఆవిడ: అసలు కథ ఇంకా వినలేదు మీరు. ఫిబ్రవరిలో మా సొంత తమ్ముడి పెళ్ళికి "అల్లుడుగారు కూడా వస్తున్నారు, ఇంక అడ్డేముంది, కార్డొచ్చేసిందిగా" అని అపార్ట్‌మెంటంతా చెప్పేసింది. మీకు బట్టలు కూడా కొనేసింది. పంచె, కండువా.

ఆయన: నేనెలా వస్తానే? దేశం దాటి తిరిగి రావడానికిచ్చే అడ్వాన్స్ పెరోల్, అదే ఏపీ, నీది వచ్చింది, నాది రాలేదు. ఒకే రోజు, ఒకే కవర్లో వేశాం. అయినా నీది వచ్చింది.

ఆవిడ: నా మొహం చూసి ఇచ్చారు.

ఆయన: పోనీ అక్కడ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్దామంటే, డిసెంబరులో ఉన్న స్లాటు మార్చికి తోసేశారు. సోషల్ మీడియా అంతా చూస్తారట.

ఆవిడ: మీ సోషల్ మీడియాలో చూడ్డానికి ఏముందండీ? గుడ్ మార్నింగ్ మందారప్పూలు, వీసా బులెటిన్ ఫార్వార్డులు. పాపం ఆ చూసే ఆఫీసర్ని తలుచుకుంటే జాలేస్తోంది.

ఆయన: ఎమర్జెన్సీ కింద అప్పటికప్పుడు ఏపీ ఇస్తారు గానీ, బావమరిది పెళ్ళి ఎమర్జెన్సీ కాదంటున్నాడు లాయరు.

ఆవిడ: వాడికి 34 ఏళ్ళకి సంబంధం కుదిరింది! అంతకంటే ఎమర్జెన్సీ ఏముంటుంది? ఆ అమ్మాయి మనసు మార్చుకునేలోపు మూడు ముళ్ళూ పడాలి. అది రాయమనండి లాయర్ని.

ఆయన: నువ్వెళ్ళిరా. నేనిక్కడ పెరుగన్నం తిని పడుంటాను.

ఆవిడ: ఆ గొంతేంటి? సన్యాసం పుచ్చుకున్నట్టు?

ఆయన: ఏం లేదు. నీకేం, ఈఏడీ ఉంది, ఏపీ ఉంది, హాయిగా తిరుగుతావు. నేనే హెచ్‌వన్ వీసా పట్టుకుని వేళ్ళాడుతున్నాను. పదేళ్ళుగా అదే టైటిలు. మేనేజరు పోస్టిస్తామన్నా వద్దన్నాను, కార్డుకి వేసిన ఉద్యోగంతో 'సేమ్ ఆర్ సిమిలర్' కాదంటారేమోనని.

ఆవిడ: మీకు ఉద్యోగం మార్చుకోవడానికైనా 180 రోజుల రూలొకటి ఉంది. నాకేదీ? నేను డెరివేటివ్‌ని! మీ కేసు పోతే నాదీ పోతుంది. లేకపోతే ఇన్నేళ్ళు మీ గురక వింటూ ఎందుకు పడున్నాననుకుంటున్నారు?

ఆయన: అంటే కార్డు వచ్చాక?

ఆవిడ: కార్డు వచ్చాక ఆలోచిస్తా. ఈ బులెటిన్ ధోరణి చూస్తే అప్పటికి ఇద్దరికీ పళ్ళుండవు. ఇంకెవడు చేసుకుంటాడు నన్ను.

(ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. ఆవిడ ఆపుకోలేదు గానీ వంటింటివైపు తిరిగిపోయింది.)

ఆవిడ: (అక్కణ్ణుంచే) అయినా నాకు చెప్పకుండా మా అమ్మకి ముందు ఎందుకు చేశారు?

ఆయన: నువ్వు మీటింగులో ఉన్నావు. పాత కార్డు ఈ నెలాఖరుకి అయిపోతోంది. ఇదివరకైతే రెన్యువల్ వేసిన రసీదు చూపించి పని చేసుకునేవాళ్ళం, అదీ తీసేశారు. ఉద్యోగం పోతుందేమోనని నువ్వు రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నావు. మెయిల్‌బాక్సులో కవరు చూడగానే... ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను.

(వంటింట్లో ఏ చప్పుడూ లేదు. తర్వాత గరిట చప్పుడైంది.)

ఆవిడ: పళ్ళు నూరింది ఉద్యోగం గురించి కాదు. మీ గురకకి.

(కొత్త వాయి పకోడీలు వచ్చాయి. ప్లేటు ఆయన ముందు పెట్టింది. నా ముందు కాదు.)

ఆయన: (రెండు తిని, ధైర్యం తెచ్చుకుని) ఒక మాట చెబుతాను, తిట్టకూడదు.

ఆవిడ: చెప్పండి.

ఆయన: 2010లో నా హెచ్‌వన్ స్టాంపింగ్ ముందురోజు నేను కూడా చిలుకూరు వెళ్ళాను. 11 తిరిగాను. మర్నాడు బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఇంటర్వ్యూ. రెండే ప్రశ్నలు. వీసా ఇచ్చేశారు.

ఆవిడ: తర్వాత?

ఆయన: తర్వాత టికెట్లు, షాపింగు, ఆవకాయ ప్యాకింగు...

ఆవిడ: 108?

ఆయన: మళ్ళీ వచ్చినప్పుడు చేద్దాంలే అనుకున్నాను.

ఆవిడ: (నడుం మీద చెయ్యేసుకుని) అంటే బాకీ ఉన్నారా? పదిహేనేళ్ళుగా?

ఆయన: ఇండియా వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి...

ఆవిడ: అందుకా! అందుకా మన డేటు రానిది! గ్రీన్ కార్డులు దేశానికి 7 శాతమే అని రూలు పెట్టినవాణ్ణి తిట్టాను. కాంగ్రెస్‌ని తిట్టాను. ఆ లాయర్నైతే ఇంటిపేరుతో సహా తిట్టాను. ఒరే తమ్ముడూ, దొంగ ఇంట్లోనే ఉన్నాడ్రా! పక్క మీద పడుకుని గురక పెడుతున్నాడు!

ఆయన: విను విను, అందుకే చెబుతున్నాను. అత్తయ్య తిరిగిన 108ని నా పాత బాకీ కింద జమ వేసేద్దాం. అప్పుడు గ్రీన్ కార్డు మొక్కు ఎక్కడిదక్కడే ఉంటుంది. కేసు మళ్ళీ ఓపెన్!

ఆవిడ: ఆవిడ సంకల్పం చెప్పుకుంది గ్రీన్ కార్డుకి. మధ్యలో మారుస్తారా?

ఆయన: గ్రీన్ కార్డు కేసు ఈబీ2 క్యూలో ఉన్నదాన్ని ఈబీ3 క్యూకి మార్చుకోలేదూ మనం? ఇదీ అంతే. డౌన్‌గ్రేడ్.

ఆవిడ: అల్లుడి బాకీ అత్త కాళ్ళతో తీరుస్తారా?

ఆయన: నేను కట్నం తీసుకోలేదుగా.

ఆవిడ: మా అమ్మ మోకాళ్ళు మీకు కట్నమా?

(ఆయన పకోడీ వంక చూశాడు. పకోడీ ఏం సాయం చేస్తుంది.)

ఆవిడ: సరే. జమ వేసుకోండి. కానీ వడ్డీ మీరే తిరగాలి. ముందు ఫోన్ చేసి మా అమ్మకి నిజం చెప్పండి. అది గ్రీన్ కార్డు కాదు, పని చేసుకునే కార్డు, నేను పెళ్ళికి రాలేను. మూడే ముక్కలు.

ఆయన: నువ్వు చెప్పొచ్చుగా.

ఆవిడ: వెలగబెట్టింది ఎవరు?

(ఆయన ఫోన్ కలిపాడు. స్పీకరు పెట్టమని ఆవిడ సైగ చేసింది. ఆయన చూడనట్టు బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూశాడు. అద్దంలోంచి మాకు తల ఊపడం ఒక్కటే కనపడింది. మొదట అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా. చివర్న నవ్వుతూ నిలువుగా. ఆ నవ్వు చూసి ఆవిడ స్టవ్ కట్టేసింది.)

ఆవిడ: చెప్పారా?

ఆయన: మొదలుపెట్టాను. "అత్తయ్యా, ఆ కార్డు..." అన్నానో లేదో, "మీది కూడా వచ్చేసిందా బాబూ!" అన్నారు. ఏడ్చేశారే పాపం.

ఆవిడ: కాదని చెప్పారు కదా?

ఆయన: ఏడుస్తుంటే కాదని ఎలా చెప్పను?

ఆవిడ: అంటే?

ఆయన: నా కార్డుకి కూడా 108 తిరుగుతారట. రేపే.

ఆవిడ: ఏమండీ! ఆ మోకాళ్ళతో మళ్ళీనా? వద్దనలేకపోయారా?

ఆయన: ఎందుకనలేదు, గట్టిగా అన్నాను! మీరు అస్సలు తిరగొద్దత్తయ్యా, కూర్చుని టిక్కులు పెట్టండి, ఈసారి మామయ్యని తిరగమనండి అన్నాను.