ఆలెఫ్‌లో ఎద్దు ఉంది సరే, తర్వాత?

'హీబ్రూ అక్షరాల్లో దాగిన రహస్యం' వీడియో మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. హీబ్రూలో మొదటి అక్షరం ఆలెఫ్ అంటే ఎద్దు, అంటే బలం. రెండో అక్షరం బేత్ అంటే ఇల్లు. హీబ్రూలో తండ్రి అని రాయడానికి ఈ రెండక్షరాలే కాబట్టి తండ్రి అంటే 'ఇంటికి బలం' అట. కింద ఆమెన్లే ఆమెన్లు.

సగం నిజం ఉంది కాబట్టే ఇది ఇంతలా నడుస్తోంది. ఆలెఫ్ మొదట్లో ఎద్దు తలే. సినాయిలో సెరాబిత్ ఎల్ ఖాదిమ్ అనే చోట ఈజిప్టువాళ్ల ఫిరోజా రాళ్ల గనులుండేవి. ఈ అక్షరాల తొలి రూపాలున్న, 3,500 ఏళ్లకు పైబడిన అక్కడి బొమ్మ రాతలు 1905లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పీట్రీ కంటపడ్డాయి. ఇల్లు, కన్ను, ములుగర్ర, క్రాస్ గుర్తు: ఈ వరుస పదే పదే కనిపిస్తుంది. 1916లో ఈజిప్టు లిపుల పండితుడు అలన్ గార్డినర్ ఒక్కో బొమ్మ పేరులో మొదటి ధ్వని మాత్రం తీసుకుని చూశాడు. 'బాలత్' అని వచ్చింది. అమ్మవారి పేరు! అందులో ఇల్లూ లేదు, కన్నూ లేదు. బొమ్మను వదిలేసి శబ్దాన్ని పట్టుకోవడమే ఆ గనుల దగ్గర రాసినవాళ్ల గొప్పతనం. ఇంత తెలివైన పనిని మన వీడియో పండితులు వెనక్కి తిప్పి మళ్లీ బొమ్మల్లోకి తోస్తున్నారు.

మనమూ 'ఆ అంటే ఆవు' అనే నేర్చుకున్నాం. అలాగని ఆకలిలో, ఆసుపత్రిలో ఆవును వెతుకుతామా?

పోనీ, వాళ్ల లెక్కే పట్టుకుందాం. బైబిల్ హీబ్రూలో శత్రువుకు ఎక్కువగా రాసేది ఆలెఫ్, యోద్, బేత్. అదే ఎద్దు, అదే ఇల్లు, మధ్యలో ఒక చెయ్యి. మరి శత్రువు కూడా ఇంటికి బలమేనా? దీని మీద వీడియో ఎవరూ చెయ్యరు.

119వ కీర్తన తీయండి. మన తెలుగు బైబిల్లోనే 'ఆలెఫ్' అని శీర్షిక ఉంటుంది. మూలంలో ఆ ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. ఎద్దు ప్రస్తావన ఒక్కచోటా లేదు.

అక్షరాలతో ఆడుకోవద్దని కాదు. యూదు మతగురువులైన రబ్బీలు బ్రహ్మాండంగా ఆడుకున్నారు. తోరా, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు, బేత్‌తో మొదలైందని ఆలెఫ్ అలిగితే, దేవుడు బుజ్జగించి పది ఆజ్ఞల్లో మొదటి మాట దానికిచ్చాడని కథ చెప్పుకున్నారు. నాకు భలే ఇష్టం ఆ కథ. పైగా దానికి 'శాస్త్రవేత్తలు షాక్' అని థంబ్‌నెయిల్ పెట్టలేదు వాళ్లు.