బంధువైతే జీతం అడగకూడదా?

గుంటూరు నుంచి కోనసీమ దాకా ఏ బజారులో నడిచినా యెహోవా యీరే, ఎబెనెజరు, బేతేలు అని బైబిల్ పేర్లు పెట్టుకున్న కిరాణా కొట్లు, టైలరింగ్ షాపులు కనిపిస్తాయి. ఆ అలవాటు మనతో పాటు అమెరికాకూ వచ్చింది. షాపు తెరిచే రోజున పాస్టర్ గారిని పిలిచి ప్రార్థన చేయించుకుంటాం. కౌంటర్ వెనక వాక్యం ఫ్రేము కట్టించి తగిలిస్తాం. మేమూ అలాగే చేశాం, మనస్ఫూర్తిగా చేశాం. దేవుడి పేరు మీద మొదలుపెట్టిన వ్యాపారం అని నలుగురికీ తెలియడం మంచిదే. తెలిశాక ఆ నలుగురూ మన నుంచి ఏం ఆశిస్తారో అది కూడా మనం ఆలోచించుకోవాలి.

న్యూజెర్సీలో మా ఆయన, మా మరిది, తోడికోడలు, నేను కలిసి ఒక ఇండియన్ సరుకుల షాపు, దానికి ఆనుకుని కర్రీ పాయింట్ నడుపుతున్నాం. లెక్కలు, జీతాలు నా చేతి మీదుగానే వెళతాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను. కుటుంబ వ్యాపారంలో మన విశ్వాసం ఏపాటిదో జీతాల పుస్తకం తెరిస్తే తెలిసిపోతుంది. ముఖ్యంగా అందులో మనవాళ్ల పేర్లు ఉన్నాయా లేవా అన్నది చూడాలి. బయటి మనిషికి జీతం ఎగ్గొట్టడం తప్పని అందరికీ తెలుసు. భార్య, కోడలు, మరదలు, చర్చిలో పరిచయమైన తమ్ముడు, మన జిల్లా నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడు, వీళ్ల దగ్గరికి వచ్చేసరికి "మన షాపే కదా" అన్న ఒక్క మాటతో గంటలూ డాలర్లూ లెక్కలోంచి మాయమైపోతాయి. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈ సంగతి ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు.

ఆదికాండం 29వ అధ్యాయంలో యాకోబు తన మేనమామ లాబాను ఇంటికి చేరతాడు. నెల గడిచాక లాబాను అతన్ని పిలిచి, నువ్వు నా బంధువువైనంత మాత్రాన ఊరికే పనిచేస్తావా, నీకేం జీతం కావాలో చెప్పు అంటాడు. ఎంత న్యాయమైన మాట! ఆ తర్వాత జరిగింది మనకు తెలుసు. యాకోబు అడిగిన చిన్నకూతురు రాహేలుకు బదులు, ఏడేళ్లు చేయించుకుని పెద్దకూతురు లేయాను కట్టబెట్టాడు. రాహేలు కోసం మరో ఏడేళ్లు చేయించుకున్నాడు. పదిసార్లు నా జీతం మార్చాడు అని 31వ అధ్యాయంలో యాకోబు వాపోతాడు. సండే స్కూల్లో మనకు దీన్ని ప్రేమ కథగానే చెప్పారు. నాకైతే ఇప్పుడు అది కూలి కథగానే కనిపిస్తుంది. రాత కోతల్లేని ఒప్పందం మామా అల్లుళ్ల మధ్య ఇరవై ఏళ్లు ఎలా నడుస్తుందో, చివరికి ఒకరు చెప్పకుండా సర్దుకుని వెళ్లిపోయే దాకా ఎలా వస్తుందో అందులో పూసగుచ్చినట్టు ఉంది.

మా తోడికోడలు పొద్దున్నే వంటింట్లోకి వెళుతుంది. గోంగూర ఒలవడం, చికెన్‌కి మసాలా పట్టించడం, పదకొండింటికల్లా లంచ్ బాక్సులు కట్టడం, అంతా తన మీదే. పేరోల్‌లో తన పేరు ఎక్కించాలన్న మాట వచ్చినప్పుడు మా అత్తయ్య నొచ్చుకున్నారు. "ఇంటి కోడలికి జీతమేంటమ్మా, పనిమనిషా ఏంటి? రేపు షాపు వాళ్ల పిల్లలకే కదా వచ్చేది" అన్నారు. ఆవిడ మాటలో చెడు లేదు. జన్మంతా పొలం పనీ ఇంటి పనీ చేసి ఒక్క రూపాయి కూడా తన పేరున చూసుకోని మనిషి. నేను ఆవిడకి లాబాను మాట చదివి వినిపించాను. "వాడు మంచోడు కాదుగా" అన్నారు. "మంచోడు కానివాడే ఆ మాట అడిగాడు, మనం అడక్కపోతే ఎలా అత్తయ్యా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. ఆ నెల నుంచే తన పేరు ఎక్కింది.

ఇదేదో చేతిఖర్చుకి డబ్బులివ్వడం లాంటిది కాదు. ఈ దేశంలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ సొంతంగా రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకి మించి రావు కాబట్టి తక్కువలో తక్కువ పదేళ్లు మన పేరున పన్ను కట్టిన సంపాదన ఉండాలి. 2025లో ఒక క్రెడిట్‌కి 1,810 డాలర్లు, నాలుగింటికి కలిపి 7,240 డాలర్ల సంపాదన చూపించాల్సి ఉండేది. జీతం రాయకుండా ఇరవై ఏళ్లు కౌంటర్ దగ్గర నిలబడ్డ ఇల్లాలికి ఆ రికార్డులో ఉండేది సున్నా. భర్త బతికున్నంత కాలం ఆయన రికార్డు మీద వచ్చేది ఆయన పూర్తి పెన్షన్‌లో సగానికి మించదు. పెళ్లయి పదేళ్లు నిండకుండా విడిపోతే అదీ రాదు. ప్రేయర్ మీటింగ్‌లో "నా సహకారిణి లేకపోతే ఈ షాపు లేదు" అని సాక్ష్యం చెప్పే అన్నయ్యలు ఆ సహకారిణి పేరున డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపించే కాగితం) ఉందో లేదో ఇంటికెళ్లి చూసుకోవాలని నా మనవి. అపొస్తలుల కార్యాలు 18లో డేరాలు కుట్టుకుని బతికిన అకుల, ప్రిస్కిల్ల దంపతులు ఉన్నారు. కొత్త నిబంధనలో వాళ్ల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి, కొన్నిచోట్ల ఆమె పేరే ముందు వస్తుంది. మన షాపు కాగితాల్లో మాత్రం ఒక్కరి పేరే ఎందుకుండాలి?

నేనింత పట్టుదలగా మాట్లాడటానికి కారణం మా ఊరు. మాది నర్సాపురం దగ్గర. మా అమ్మమ్మ లేసు అల్లేది. 19వ శతాబ్దంలో గోదావరి జిల్లాలకు వచ్చిన మిషనరీల కుటుంబాల్లోని స్త్రీలు మన ఆడవాళ్లకు నేర్పిన పని అది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన పేద ఇళ్లలో నాలుగు మెతుకులు ఉడకాలని మొదలుపెట్టారు. దాన్ని నేను ఎన్నటికీ తక్కువ చేయను, ఆ లేసు డబ్బులతో చదువుకున్న పిల్లలు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. కానీ అది పెరిగి పెద్ద ఎగుమతి వ్యాపారం అయ్యాక ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త ఆ పల్లెల్లో తిరిగి పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. రోజూ గంటల తరబడి వంగి అల్లే ఆ ఆడవాళ్లను పనివాళ్లుగా ఎవరూ చూడలేదని ఆమె చూపించారు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పని అన్నారు. పనే కాదన్నాక కూలి ఎంతిచ్చినా ఎక్కువే అవుతుంది. నర్సాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని విని సంతోషించాను. వెంటనే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చి వెళ్లేవాడు. అల్లిన ముక్కలు సంచిలో వేసుకుని, కూలి వచ్చేవారం అనేవాడు. ఆదివారం అదే చర్చిలో కూర్చునేవాడు కూడా. అమ్మమ్మ అడగలేకపోయేది, ఎందుకంటే ఆయన మనవాడు.

కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోకూడదు అని లేవీయకాండం 19 చెబుతుంది. చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతోంది అని కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. గమనించండి, అక్కడ మొఱ్ఱపెడుతున్నది మొదట కూలివాడు కాదు, కూలి. అతను నోరు మూసుకున్నా మన దగ్గరున్న అతని డబ్బు ఊరుకోదన్నమాట.

ఇక స్టూడెంట్స్ సంగతి. ఇది అందరికీ తెలిసిన రహస్యం. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకు క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే అనుమతి. బయట పనిచేయాలంటే విడిగా పర్మిషన్ కావాలి. అది లేకుండా షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో క్యాష్‌కి పనిచేయించుకునే మనవాళ్లు ఉన్నారు. న్యూజెర్సీలో 2025లో చాలా వ్యాపారాలకు కనీస వేతనం గంటకు 15.49 డాలర్లయితే, అందులో సగం చేతిలో పెట్టి "సహాయం చేస్తున్నాం" అంటారు. అడిగితే వీసా పోతుందన్న భయం ఆ పిల్లాడిది, అడగడన్న ధైర్యం ఓనర్‌ది. చట్టం ప్రకారం స్టేటస్ ఏదైనా సరే, చేసిన పనికి జీతం ఇవ్వాల్సిందే. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

మా దగ్గరికి అడుగుతూ వచ్చిన పిల్లలకు మేం పని ఇవ్వం. కొందరు మొహం మీదే "ఆంటీ, మీరు చర్చికి వెళతారు కదా, హెల్ప్ చేస్తారనుకున్నా" అంటారు. మనసు కలుక్కుమంటుంది. అయినా ఇవ్వం. పట్టుబడితే నష్టపోయేది ఆ పిల్లాడి చదువు, వాళ్ల నాన్న తెచ్చిన అప్పు. కూర్చోబెట్టి అన్నం పెట్టగలం, తెలిసిన పెద్దవాళ్లతో మాట్లాడించగలం, క్యాంపస్ ఉద్యోగం కోసం రెజ్యూమె దిద్దించగలం. సగం జీతానికి రాత్రుళ్లు నిలబెట్టి ఏ దేవుడి పేరున సహాయం అనగలం?

చర్చి క్యాటరింగ్ గురించి కూడా ఒక మాట. క్రిస్మస్ విందు ఆర్డరు వస్తే రేటు తగ్గించమంటారు, తగ్గిస్తాం, ఆనందంగానే. తగ్గించింది ఎవరి వాటాలోంచి అన్నదే ప్రశ్న. "దేవుని పరిచర్య అనుకుని చేయండి" అని వంటవాళ్లతో రాత్రి రెండింటి దాకా బిర్యానీ వండించి, ఓవర్‌టైమ్ రాయకపోతే ఆ కానుక ఇచ్చింది మనం కాదు, వాళ్లు. వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని 1938లో వచ్చిన ఈ దేశపు చట్టం చెబుతుంది. పరిచర్య చేయాలనుకుంటే ఓనర్ చేయాలి, తన లాభంలోంచి. మార్కు సువార్త 7లో కొర్బాను, అంటే దేవుడికి అర్పించేశాం, అని చెప్పి తల్లిదండ్రులకు పెట్టాల్సింది ఎగ్గొట్టినవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో చదువుకున్నాం. దేవుడికిచ్చే దశమభాగం లెక్క జీతాలన్నీ ఇచ్చాకే మొదలవ్వాలని నా అభిప్రాయం. ఒక పాస్టర్ గారు ఈ మాట ఒప్పుకోలేదు, ముందు దేవుడికి అన్నారు. నేనింకా నా మాట మీదే ఉన్నాను. పనివాడి జీతం మన సొమ్మే కానప్పుడు అందులోంచి దేవుడికి ఇవ్వడానికి మనమెవరం?

ఆదివారం షాపు మూయాలా వద్దా అని తరచూ అడుగుతారు. ట్రూయెట్ కాథీ 1946లో అట్లాంటా పక్కన హేప్‌విల్‌లో చిన్న హోటల్ పెట్టినప్పటి నుంచి ఆదివారం మూసేవాడు, ఆయన పెట్టిన చిక్-ఫిలే హోటళ్లు ఇప్పటికీ ఆదివారం మూసే ఉంటాయి. ఇక్కడ బెర్గెన్ కౌంటీలో ఇవాళ్టికీ ఆదివారం బట్టలు, ఫర్నిచర్ అమ్మకూడదు, సరుకుల షాపులకు మినహాయింపు ఉంది. మనవాళ్లంతా సరుకులకు వచ్చేదే ఆదివారం. మూయగలిగినవాళ్లను నేను గౌరవిస్తాను. ఐతే ద్వితీయోపదేశకాండం 5 చదివితే విశ్రాంతి దినం యజమాని కోసమే కాదని, నీలాగే నీ పనివాళ్లు కూడా విశ్రాంతి తీసుకోవాలని స్పష్టంగా ఉంది. మనం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు వెళ్లి, వంటవాణ్ణి పొయ్యి దగ్గర వదిలేస్తే సగం ఆజ్ఞే పాటించినట్టు. మా వంటింట్లో పనిచేసే గ్వాటెమాలా అతను కూడా విశ్వాసే, వాళ్ల స్పానిష్ ఆరాధన ఆదివారం మధ్యాహ్నం. అతనికి ఆదివారం పూర్తిగా సెలవు. ఆ రోజు మధ్యాహ్నం షాపు తెరిచాక పొయ్యి దగ్గర మా ఆయనా మరిదీ నిలబడతారు.

ఇలా అన్నీ లెక్కగా ఇస్తే షాపు నడుస్తుందా అంటారు. న్యాయమైన ప్రశ్నే. బియ్యం, పప్పుల మీద మిగిలేది చాలా తక్కువ. మా కూరలు రెండు వీధుల అవతల షాపు కంటే కొంచెం ఖరీదు. డాలర్ తేడాకి అటు వెళ్లినవాళ్లు ఉన్నారు. స్వీట్లు అట్టపెట్టెతో సహా తూచితే కొంత కలిసొస్తుందని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. దొంగత్రాసు యెహోవాకు హేయము అని సామెతలు 11 చదివే ఇంట్లో ఆ పని చేయలేం. ఖాళీ పెట్టె పెట్టి, టేర్ నొక్కి, సున్నా చూపించి అప్పుడే మైసూర్ పాక్ వేస్తాం. నెలాఖరుకి అందరివీ ఇచ్చాక మిగిలింది మాది. కొన్ని నెలలు ఏమీ మిగలదు. మా ఆయనా మరిదీ మొదటి నుంచీ ఒప్పుకుని చేసిన వ్యాపారం ఇది, అందుకని ఆ నెలల్లో ఇంట్లో టెన్షన్ ఉన్నా గొడవ ఉండదు.

చట్టం సంగతీ మరవకూడదు. 2019లో న్యూజెర్సీ తెచ్చిన వేతన చట్టం ప్రకారం ఎగ్గొట్టిన జీతాలకు ఆరేళ్లు వెనక్కి వెళ్లి అడగొచ్చు, అసలు కాక దానికి రెండింతల దాకా పరిహారం పడొచ్చు. లూకా సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, ఎవరూ కేసు వేయకుండానే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పాత బాకీలున్న షాపుల వాళ్లు ఆయన దారినే వెళ్తే మంచిది. పెద్ద మొత్తమైతే విడతలుగా ఇవ్వండి, కానీ ఎవరికెంతో కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వండి.

మన తెలుగు అసోసియేషన్‌కి, ఇక్కడి తెలుగు చర్చిలకు నాదొక విన్నపం. ఏటా టాక్స్ సెమినార్లు పెడతాం, ఇళ్ల లోన్ల గురించి చెప్పిస్తాం. జనవరి 31 లోపు డబ్ల్యూ-2లు ఇవ్వాలి కాబట్టి అంతకు ముందే ఏదో ఒక శనివారం కుటుంబ వ్యాపారాల వాళ్ల కోసం ఒక సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని), ఒక లేబర్ లాయర్ని కూర్చోబెడదాం. ఇంట్లోవాళ్లను పేరోల్‌లో ఎలా ఎక్కించాలి, ఓవర్‌టైమ్ ఎలా రాయాలి, స్టూడెంట్ వచ్చి పని అడిగితే ఏం చెప్పాలి, ఇవి మాట్లాడదాం. ఏ మతం వాళ్లయినా రావచ్చు. మధ్యాహ్నం భోజనం మా కర్రీ పాయింట్ నుంచి, ఖర్చు మా నలుగురి వాటాలోంచి. లెక్కల పుస్తకాలు తెచ్చుకోండి, భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రండి.